ఒత్తు మరిచిన దెబ్బ

తెలుగులో జోకూ వేస్తారు, దెబ్బా వేస్తారు. క్రియ ఒక్కటే. ఈ సంగతి కనిపెట్టిన మొనగాణ్ణి నేనేనని ఆ ఎండాకాలమంతా చెప్పుకుని తిరిగాను. వేసవి అంటేనే ‘వేసేవి’ అని కూడా అన్నాను. విన్నవాళ్ళు నవ్వారు. నవ్వనివాళ్ళను వీపు చరిచి నవ్వించాను. నా చెయ్యి బరువు, గొంతు అంతకన్నా బరువు. నేను వీధి మలుపులో దగ్గితే ఇంట్లో మా ఆవిడ తలుపు గడియ తీసేది.

నాది మా బావమరిది అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. ఎర్ర కలం పట్టుకుని ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్దీ దిద్దీ, చివరికి నేనూ ఒక పుస్తకం రాసేశాను. పిల్లల కోసం బడి నవల. పూర్తిగా హాస్యం. అందులో ఏడో తరగతి పిల్లలుంటారు, వాళ్ళకో తెలుగు మాస్టారుంటాడు. ఎవరైనా అక్షరం కింద ఒత్తు పెట్టడం మరిచిపోతే చాలు, ఆయన స్కేలు తీసి “ఒత్తు మరిస్తే మొత్తు!” అంటూ మొత్తుతాడు. పుస్తకం పొడుగునా నలభై మూడుసార్లు మొత్తుతాడు. ప్రతిసారీ ఓ కొత్త శ్లేష విసిరి మరీ మొత్తుతాడు. దెబ్బ తిన్న పిల్లాడితో సహా తరగతి తరగతంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది. పిల్లలు ఆయనకు పెట్టిన పేరు మొత్తుల మాస్టారు.

సరిగ్గా బళ్ళకు సెలవులిచ్చే వారంలో పుస్తకం బయటికొచ్చింది. చివర్లో ఒక కార్డు కలిపి కుట్టించాం. దాన్ని చింపి, ‘పాఠకుల అభిప్రాయం’ అన్నచోట నాలుగు ముక్కలు రాసి పోస్టు డబ్బాలో పడేస్తే చాలు, స్టాంపు అక్కర్లేదు.

“ప్రాయంలో ఉన్నవాళ్ళు చెప్తేనే అది అభిప్రాయంరా!” అన్నాను బావమరిదితో.

“ముందు రానీ బావా. మంచివి వస్తే బళ్ళు తెరిచే రోజుకి రెండో ముద్రణ వేద్దాం. ఆ అభిప్రాయాలు కూడా వెనక పేజీల్లో అచ్చేద్దాం,” అన్నాడు వాడు.

వచ్చాయి. మొదట్లో రోజుకు ఐదో పదో వచ్చేవి, తర్వాత రబ్బరు బ్యాండు వేసిన కట్టలే వచ్చాయి. పొద్దున పదకొండింటికి పోస్టుమాన్ కిటికీలోంచి విసిరితే కార్డులు నేలంతా జారేవి. మా ఆవిడ వాటిని ఏరి రెండు కట్టలుగా పెట్టేది. ఆ కట్టలకు పేర్లు పెట్టింది నేనే: నవ్వుల కట్ట, ఏడుపుల కట్ట. మా అమ్మాయి వాటిని గట్టిగా చదివి వినిపించాలి. తనూ ఏడో తరగతే. ఇంట్లో నా మొదటి పాఠకురాలు. నా జోకు పూర్తికాకముందే నవ్వే పాఠకురాలు. “హాస్యం నీకు నా రక్తంలోంచే వచ్చిందే!” అనేవాణ్ణి.

“‘రచయిత గారూ, మాస్టారు స్కేలు విరిగేలా కొట్టిన చోట నవ్వలేక చచ్చిపోయాను,’” అని చదివిందో రోజు.

“చచ్చినవాడు కార్డెలా రాశాడంటావ్?”

నవ్వింది.

“‘మా అన్నయ్యా నేనూ రోజూ మాస్టారాట ఆడుతున్నాం. నిన్న అన్నయ్య నా తల గోడకేసి మొత్తాడు. మూడు కుట్లు పడ్డాయి. మీ పుస్తకం సూపర్.’”

“విన్నావటోయ్!” అని మా ఆవిడ వైపు తిరిగి తొడ చరుచుకున్నాను. “పుస్తకం కుట్టుపని అంత గట్టిగా ఉందన్నమాట!”

“‘మా లెక్కల సార్ కూడా మీ పుస్తకం కొన్నారు. ట్యూషన్లో మీ మాట చెప్పి కొడుతున్నారు. లెక్కల్లో ఒత్తులేంటి సార్ అని అడిగినవాణ్ణి ఇంకా ఎక్కువ కొట్టారు.’”

నేను కుర్చీలోంచి కిందికి జారేంత నవ్వాను. అమ్మాయీ నవ్వింది. మా ఆవిడ మాత్రం కార్డుల అంచులు సరిచేస్తూ కూర్చుంది. అంచులు సరిగ్గానే ఉన్నాయి.

ఏ కార్డు ఏ కట్టలోకి వెళ్ళిందో రాసుకోవడానికి అమ్మాయి ఒక నోటుపుస్తకం పెట్టుకుంది. దాన్ని లాక్కుని చూశాను. పైన పెద్ద అక్షరాలతో ‘నవుల కట’ అని ఉంది.

మా అమ్మాయికి ఇదో జబ్బు. కంగారు పుడితే జంట అక్షరాల ఒత్తులు ఎగిరిపోతాయి. ‘పుస్తకం’లో తావత్తు ఎక్కడికీ పోదు, ‘మాస్టారు’లో టావత్తు కదలదు. ‘నవ్వు’లో వావత్తు మాత్రం మాయం. ముందు అక్షరాలన్నీ గబగబా రాసేసి, తర్వాత వెనక్కొచ్చి ఒత్తులు పెడదామనుకుంటుంది. వెనక్కి రావడం మరిచిపోతుంది.

“ఇదేంటే? నవ్వుల కిందనుంచి ఎవరో కుర్చీ లాగేసినట్టుంది! ప్రూఫులు దిద్దేవాడి ఇంట్లో అచ్చుతప్పా? ఏదీ, చెయ్యి చాపు.”

చాపింది. బల్ల మీద స్టీలు స్కేలుంది. దాన్ని పలకగా కాకుండా అంచు మీద నిలబెట్టి పట్టుకున్నాను. పుస్తకంలో మాస్టారు పట్టుకునేదీ అలాగే.

“ఒత్తు మరిస్తే...”

“మొత్తు,” అంది తనే, నవ్వుతూ.

రెండు తప్పులకు రెండు. వేళ్ళ కణుపుల మీద. రెండోది గట్టిగా దిగింది. ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడైంది. చూపుడు వేలి కణుపు దగ్గర చర్మం చిట్లి, ఒళ్ళో ఉన్న కార్డు మీద ఎర్రచుక్క రాలింది.

“అరె, ఎర్ర సిరా నీ దగ్గరే ఉందే! ఇంక నాకు కలమెందుకు?” అన్నాను.

హహ్హహ్హ అని నవ్వింది. కళ్ళలోంచి నీళ్ళు కారేలా నవ్వింది. ‘కళ్ళనీళ్ళు పెట్టించే హాస్య రచయిత’ అని ఆ రోజే ఒక కార్డులో వచ్చింది. అక్షరాలా నిజం అనుకున్నాను.

మర్నాటికి ఆ చెయ్యి మణికట్టు దాకా వాచింది. వేళ్ళు ముడవడానికి రాలేదు. అమ్మాయి ఎడమచేత్తో నీళ్ళగ్లాసు ఎత్తుతుంటే, “కుడిచెయ్యి కూడా సెలవులకెళ్ళిందా?” అన్నాను. నవ్వబోయి గ్లాసు జారవిడిచింది. గ్లాసు భళ్ళున పగిలింది. నేను లేచాను. లేచానంతే. ఈలోగా మా ఆవిడ ఇద్దరి మధ్యకూ వచ్చి, గాజుముక్కలు ఉత్తచేతుల్తో ఏరడం మొదలుపెట్టింది. ఆవిడ వేలు తెగింది. “ఇల్లంతా ఎర్ర సిరాయే,” అన్నాను. ఈసారి ఇద్దరూ నవ్వారు.

ఎండలతో పాటు కార్డులూ ముదిరాయి. పోస్టుమాన్‌తో కూడా నా మాట చెప్పించాను. కిటికీలోంచి “ఒత్తు మరిస్తే మొత్తు సార్!” అని అరిచి మరీ విసిరేవాడు. వీధిలో పిల్లలు ఒకళ్ళ వీపు మీద ఒకళ్ళు గుద్దుకుంటూ అదే మాట. రెండిళ్ళ అవతల ఒకడి పెదవి పగిలింది. వాణ్ణి ఎత్తుకుపోతూ వాళ్ళమ్మ మా గుమ్మం వైపు చూసి ఉమ్మేసింది. పేరంటే అలా రావాలి అనుకున్నాను.

ఒకరోజు మా ఆవిడ తనంతట తాను ఒక కార్డు చదివింది. గొంతు పెంచకుండా, సరుకుల చీటీ చదివినట్టు చదివింది.

“‘మీ మాట చెప్పి మావాణ్ణి వాళ్ళ సార్ చెవి మీద కొట్టాడు. ఆ చెవి ఇంక వినబడదని డాక్టరు అన్నాడు. ఆ పుస్తకం చదివితే నీకు నవ్వొచ్చిందా అని వాణ్ణి అడిగాను. ఏమన్నావమ్మా అన్నాడు. ఇట్లు, ఒక తల్లి.’”

“చివరి వాక్యం భలే పడింది,” అన్నాను. “ఈవిడ రాయగలదు.”

“దీన్ని కూడా అచ్చేస్తారా?”

“ఏడుపులకి అచ్చెందుకోయ్? ఆ కట్టలో పెట్టు.”

పెట్టింది. పెట్టి, కట్టకు రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేసింది. రెండో చుట్టుకు అది తెగి ఆవిడ బుగ్గకు తగిలింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

బళ్ళు తెరవడానికి ఇంకా రెండు వారాలుందనగా, రెండో ముద్రణ వెనక పేజీలకు అభిప్రాయాలు ఏరడానికి నవ్వుల కట్ట తీసుకుని అచ్చాఫీసుకు వెళ్ళాను. మా ఆవిడే కట్టి ఇచ్చింది. బావమరిది యంత్రం ఆపి వచ్చి నా బల్ల పక్కన కూర్చున్నాడు. కట్టలో మొట్టమొదటి కార్డు తీశాను. అక్షరాలు కోతికి కలమిచ్చినట్టున్నాయి. ఒకటి ఇటు పడుకుంది, ఒకటి అటు దొర్లింది. గట్టిగా చదివాను. నేను ఏదైనా గట్టిగానే చదువుతాను.

“‘రచయిత గారికి, మీ పుస్తకం చదివాను. మీ మాస్టారు అచు మా నానే. ముందు జోకు వేస్తాడు. తరువాత దెబ వేస్తాడు. నవితే ఒకటి. నవకపోతే రెండు. మీ పుస్తకంలో పిలలకి నిజంగా నవు వస్తుందా? ఇట్లు, ఒక పాఠకురాలు.’”

యంత్రాల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

“ఈ జబ్బు మా ఇంట్లోనే ఉందనుకున్నానురా, ఊరంతా పాకిందే!” అన్నాను. చెయ్యి దానంతటదే ఎర్ర కలం తీసింది. ‘అచు’కి చావత్తు పెట్టాను. “చూడు, చావొచ్చినా చావత్తు పెట్టరు వీళ్ళు.” ‘నానే’కి నావత్తు. ‘దెబ’ దగ్గర ఆగి బావమరిది భుజం మీద ఒక్కటి వేశాను. “ఇక్కడ ఏం కావాల్రా? బావత్తు! బావ లేని దెబ్బ దెబ్బేనా?”

వాడు నవ్వలేదు. భుజం రుద్దుకుంటూ కార్డునే చూస్తున్నాడు.

మూడు వావత్తులు, ఒక లావత్తు. మొత్తం ఏడు. ఏడూ ముచ్చటగా పెట్టి, కార్డును దూరంగా పట్టుకుని మళ్ళీ చదివాను. తప్పులు పోయాక అర్థం కనబడింది. ఒళ్ళు మండిపోయింది.

“ఎవడ్రా వీడు? కన్నకూతుర్ని కొడతాడా? అదీ నా జోకు చెప్పి? నేను నవ్వించడానికి రాస్తే, వీడు... వీడి చెయ్యి విరగ్గొట్టాలి!”

“వదిలెయ్ బావా,” అన్నాడు వాడు. గొంతు చాలా కిందనుంచి వచ్చింది. “ఈ కార్డు వదిలెయ్.”

“ఎలా వదుల్తానురా? పాఠకురాలు! నన్ను నమ్మి రాసింది! ఈ రాత చూడు, కుడిచేత్తో రాసింది కాదు. ఆ చెయ్యి పనికి రాకుండా చేశాడు వెధవ.”

అంటుండగానే తట్టింది. మా ఇంటి పక్కన వెల్డింగ్ మేస్త్రి. ముందు షెడ్డు, వెనక ఇల్లు, ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకే గోడ. వాడికీ ఓ కూతురుంది, మా అమ్మాయి తరగతే. నాలుగు రోజులుగా కుడిచేతికి తెల్ల కట్టుతో గుమ్మంలో కనబడుతోంది. ఇనుము కొట్టేవాడికి ఎముకో లెక్కా?

కార్డు జేబులో పెట్టుకుని బయల్దేరాను. బావమరిది “బావా, ఆగు బావా” అంటూ వెంటపడ్డాడు. మిట్టమధ్యాహ్నం. తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది.

మేస్త్రి నల్లద్దం రేకు ముఖానికి అడ్డం పెట్టుకుని గేటుకు చువ్వలు అతుకుతున్నాడు. నన్ను చూసి రేకు దించాడు.

“ఏంటి సార్, ఇలా వచ్చారు?”

“అతుకుల పని చేసుకుంటూ ఇలా అతకని పని చేస్తావేంట్రా?” అన్నాను.

జోకు అర్థంకాక నవ్వబోయాడు. చెంప మీద వేశాను. ఐదు వేళ్ళూ అచ్చుపడ్డాయి. అప్పుడు గమనించలేదు గాని, తర్వాత గుర్తొచ్చింది. ముందు జోకు వేశాను, తరువాత దెబ్బ వేశాను. అలవాటైన వరస తప్పలేదు.

మేస్త్రి రెండు క్షణాలు ఊరుకున్నాడు. మూడో క్షణంలో తోలు తొడుగు ఉన్న పిడికిలి నా ముఖం మధ్యలో దిగింది. లోపల ఏదో కటుక్కుమంది. అంతవరకూ నేను ముక్కుసూటి మనిషిని. ఆ మధ్యాహ్నం తర్వాత కాను. వెనక్కి విరుచుకుని చువ్వల మీద పడ్డాను. లేచేలోగా మరొకటి నోటి మీద. ఒక పన్ను నాలుక కిందికి వచ్చింది. నా జీవితంలో నేను ఎగ్గొట్టకుండా చెల్లించిన పన్ను అదొక్కటే.

బావమరిది మేస్త్రి నడుం పట్టుకుని లాగుతున్నాడు. నా చేతికి మూరెడు చువ్వ దొరికింది. తిప్పి కొట్టాను. మోచేతికి తగిలింది. మేస్త్రి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నోట్లో రక్తం ఉప్పగా ఉంది, చెవుల్లో హోరు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు హాయిగా కూడా ఉంది. మళ్ళీ ఎత్తాను, ఈసారి తలకు.

లోపల్నుంచి కట్టు చేతి పిల్ల పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్ల ఆగలేదు, ఏడవలేదు, నవ్వలేదు. ఎగిరి నా ముంజేతిని కరుచుకుంది. కుక్కపిల్ల గుడ్డ పట్టుకున్నట్టు పట్టుకుని వేలాడింది. చువ్వ జారిపోయింది.

“మా నాన్నని కొడతావా? మా నాన్నని కొడతావా?” అంటోంది పళ్ళ సందునుంచే.

“నీ కోసమేనే! మీ నాన్న నీ చెయ్యి విరగ్గొట్టాడనే...”

“సైకిల్ మీంచి పడ్డాను!” అని అరిచింది. “మా నాన్నే ఎత్తుకెళ్ళి కట్టు కట్టించాడు!”

మేస్త్రి లేచాడు. కూతుర్ని నా చేతినుంచి విడదీసి వెనక్కి పెట్టుకున్నాడు. మళ్ళీ కొడతాడనుకుని తల దాచుకున్నాను. కొట్టలేదు.

“నా పిల్లని నేనెప్పుడూ ముట్టుకోలేదు సార్,” అన్నాడు ఆయాసపడుతూ. “మన గోడ పల్చన. ముందు చప్పుడొస్తుంది, తర్వాత నవ్వొస్తుంది. మొదట్లో మేం టీవీ అనుకునేవాళ్ళం.”

రేకు వెతుక్కుని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

బావమరిది నన్ను ఇంటి గుమ్మం దాకా నడిపించి, లోపలికి రాకుండా ఆగిపోయాడు. మా ఆవిడ బేసిన్లో నీళ్ళు తెచ్చింది. గుడ్డ తడిపి ముక్కు దగ్గర అద్దింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. ఎర్ర సిరా అనబోయి, పన్ను లేని చోట నాలుక తగిలి ఆగిపోయాను. అమ్మాయి వంటింటి తలుపు పక్కన నిలబడి చూస్తోంది. కుడిచేతి వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు.

దూది నా తల పైనున్న అలమరలో ఉంది. కూర్చున్నచోటునుంచే అందుకుందామని చెయ్యి పైకెత్తాను.

అమ్మాయి నవ్వింది.

జోకు లేదు. చెయ్యి ఒక్కటే లేచింది. గాల్లో ఆగిపోయిన ఆ చేతినే చూస్తూ, చాలా త్వరగా, చాలా శ్రద్ధగా, ముందే నవ్వేసింది.

చెయ్యి దించి జేబులో పెట్టాను. కార్డు తగిలింది. బయటికి తీశాను. నా రక్తం ఒక మూలకు అంటింది. వెనక్కి తిప్పాను. మిగతా కార్డులన్నిటి మీదా గుండ్రంగా నల్లటి తపాలా ముద్ర ఉంటుంది. దీని మీద లేదు. పక్కనే బల్ల మీద నోటుపుస్తకం ఉంది. ‘నవుల కట’ కింద నా ఎర్ర ఒత్తులు. కార్డు మీదా నా ఎర్ర ఒత్తులే.

“కట్టలో నేనే పైన పెట్టాను,” అంది మా ఆవిడ, గుడ్డ పిండుతూ. “పోస్టు డబ్బా దాకా ఎందుకులే అని.”

మర్నాడు పొద్దున ఒక పెట్టె, ఒక స్కూలు సంచి గుమ్మంలో ఉన్నాయి. ఆవిడ తమ్ముడు రిక్షా తెచ్చాడు. నా ముఖం చూడకుండా పెట్టె ఎత్తాడు.

“ఎన్నాళ్ళు?” అన్నాను.

“తెలీదు.”

“నేను ఊరికే... ఏదో సరదాకి... నువ్వు కూడా నవ్వేదానివి కదోయ్!”

ఆవిడ చెప్పులు వేసుకుంటూ ఆగింది. “ఆ అలవాటు ముందు నాకే అయిందండీ. నన్ను చూసి నేర్చుకుంది.” తలుపు దగ్గరగా వేసింది. ధడాలున వేసి ఉంటే బాగుండేది.

పదకొండు రోజులు. పొద్దున అచ్చాఫీసు, సాయంత్రం ఖాళీ ఇల్లు. ఒకసారి గ్లాసు చేయిజారి పగిలితే, అలవాటుకొద్దీ ఏదో శ్లేష పైకే అనేశాను. గోడ అవతల సుత్తి చప్పుడు ఠక్కున ఆగింది. ఎవరైనా నవ్వుతారా అని వాళ్ళు వింటున్నారు. చాలాసేపటికి గాని సుత్తి మళ్ళీ మొదలవలేదు.

రెండో ముద్రణ ప్రూఫులు నా బల్ల మీదికే వచ్చాయి. ‘ఒత్తు మరిస్తే మొత్తు’ కనబడిన నలభై మూడు చోట్లా అడ్డగీత కొట్టాను.

“బావా, ఇందులో నవ్వేముంది ఇంక?” అన్నాడు బావమరిది.

“ఏమో. చదివి చెప్పమందాం.”

“మరి మొదటి ముద్రణ? మూడువేలు వెళ్ళిపోయాయి.”

“మొదటి ముద్రణ ఎవడూ వెనక్కి తీసుకోలేడురా. కాగితం మీదైనా, చెంప మీదైనా.” శ్లేషే. కాని నాకు నవ్వు రాలేదు, వాడికీ రాలేదు.

వెనక పేజీల్లో నవ్వుల కట్టలోంచి ఒక్క కార్డూ వేయలేదు. చెవి పోయిన పిల్లాడి తల్లి కార్డు వేయించాను. అన్నిటికన్నా ముందు, విడిగా ఒక పేజీలో, ఆ ఇంకో కార్డు. నా ఎర్ర ఒత్తులు తీసేసి, వచ్చింది వచ్చినట్టే కూర్పించాను. అక్షరాలు కూర్చేవాడు రెండుసార్లు సరిచేసి తెచ్చాడు. “ఏడు అచ్చుతప్పులండీ, నలుగురూ మనల్ని చూసి నవ్వుతారు,” అన్నాడు. రెండుసార్లూ వెనక్కి పంపాను.

బళ్ళు తెరిచే రోజు పొద్దున్నే వాన మొదలైంది. సిరా తడి ఆరని పుస్తకం ఒకటి చొక్కా లోపల పెట్టుకుని, అచ్చాఫీసు పైన బావమరిది ఉండే వాటాకు మెట్లెక్కాను. మలుపులో దగ్గు వచ్చింది. ఆపుకున్నాను. తలుపు కొట్టి, తీసేదాకా నిలబడ్డాను.

అమ్మాయి యూనిఫాం వేసుకుని బల్ల దగ్గర కూర్చుని ఉంది. మా ఆవిడ బల్ల అవతల సంచిలో పుస్తకాలు సర్దుతోంది. పుస్తకం బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఆ పక్కనే, కనబడేలా, బల్ల మీదే ఉంచాను.

అమ్మాయి వెనకనుంచి తెరిచింది. తన పేజీ కనబడింది. వేలు పెట్టి ఒక్కో పదం చదివింది.

“ఒత్తులు పెట్టలేదేం?” అంది.

“నీ అభిప్రాయం. దిద్దడానికి నేనెవర్ని?”

సంచిలోంచి కలం తీసింది. నీలం సిరా. కుడిచేత్తోనే పట్టుకుంది. చూపుడు వేలు కొద్దిగా వంకరగా ఉంది, అలాగే ఉండిపోతుందట. ‘అచు’ కింద చావత్తు పెట్టింది. ‘దెబ’ కింద బావత్తు. ‘నవితే’కి వావత్తు, ‘నవకపోతే’కి వావత్తు. ‘పిలల’కి లావత్తు. ‘నవు’కి వావత్తు పెట్టేటప్పుడు కొంచెం ఆలోచించి, పెట్టింది. ఆరు.

కలానికి మూత పెట్టింది. పుస్తకం మూసి సంచిలో వేసుకుంది.

‘మా నానే’ అన్నచోట ఒకటి మిగిలిపోయింది. ‘ఒకటి మరిచావు తల్లీ’ అన్న మాట నాలుక చివరికొచ్చి, ఊడిన పన్ను సందులోంచి బయటికి రాబోయింది. పెదాలు బిగించాను.

మరిచిపోలేదని ఇద్దరికీ తెలుసు.